నెత్తురులోకి దిగిన వాకిలి

ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో కోళ్లను పెంచేవారని చెప్పడం అంత సరికాదు. అక్కడ కోడి తనను తానే పెంచుకునేది. ఈ ఊరు అమరచింత సంస్థానానికి రాజధానిగా ఉన్న కాలంలోనూ, తర్వాత మహబూబ్‌నగర్ జిల్లాలో కలిసినప్పుడూ, 2016లో వనపర్తి జిల్లాలోకి మారేనాటికీ ఆ పద్ధతి పెద్దగా మారలేదు. తెల్లారగానే గూటి తలుపు తీస్తారు, పొద్దుగూకాక మూస్తారు. నడుమ ఆ కోడి ఏం తిన్నదో ఎవరూ లెక్క పెట్టరు. పెంటకుప్ప గీరి పురుగులు ఏరుకుంటుంది, కల్లంలో రాలిన జొన్నలు తింటుంది, చెలకల్లో చెదలు పట్టిన కట్టె దొరికితే పిల్లలను పిలిచి చూపిస్తుంది. ఇంటి ఆడవాళ్లు చెరిగిన చాటలోంచి విదిల్చే నూకలే దానికి అందే జీతం. మగవాళ్ల చేతికి పంట డబ్బు వచ్చేది, కోడి డబ్బు మాత్రం ఆడవాళ్ల కొంగున ఉండేది. కోడి లేని ఇంటికి ఇంకో ఇంటివాళ్లు పెట్టను వాటాకిచ్చి, పొదిగించిన పిల్లల్లో సగం తీసుకునే ఆనవాయితీ తెలుగు పల్లెల్లో చాలాచోట్ల ఉన్నదే. ఏడాదికి అరవైఏడు సెంటీమీటర్ల వాన కురిస్తే గొప్ప అనుకునే నేల ఇది. ఎండలు నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. ఆ నేల మీద, ఆ తిండితో, పైన గద్ద, కింద ముంగిస కాపు కాస్తుండగా వందల ఏళ్లు నిలిచిన పిట్ట మన నాటుకోడి.

ఇంత సన్నగా, ఇంత చురుగ్గా, ఏడాదికి యాభై అరవై గుడ్లతో సరిపెట్టుకునేలా దాన్ని తయారుచేసింది ఎవరు? ఈ ప్రశ్నకు ఊళ్లో రెండు జవాబులు వినిపిస్తాయి. పందెం కోళ్లవాళ్లను అడిగితే అంతా నెత్తురే, జాతి మంచిదైతే చాలంటారు. కోళ్ల షెడ్డు పెట్టినవాళ్లను అడిగితే అంతా దాణాలోనే ఉందని, నాటుకోడికి కడుపునిండా పెడితే అదీ గుడ్లు కురిపిస్తుందని అంటారు. రెండు వాదాలకూ పునాది ఒకటే. నెత్తురు వేరు, పెరిగే వాకిలి వేరు, ఏది ఎంతో తూచి చెప్పవచ్చని ఇద్దరూ అనుకుంటారు. ఈ మెట్ట ప్రాంతపు కోడి చరిత్ర చూస్తే నాకు అలా అనిపించదు. ఇక్కడ వాకిలి తరతరాలుగా ఏరి ఏరి నెత్తురులోకి దిగింది. ఆ నెత్తురు తన గుణం చూపించాలంటే మళ్లీ అలాంటి వాకిలే కావాలి. వీటిని విడదీసి ఒకదాన్నే మార్చిన ప్రతిసారీ రెండోది వెనక నుంచి వచ్చి పట్టుకుంది.

కోడి పుట్టుక దగ్గరే ఈ ముడి కనిపిస్తుంది. పెంపుడు కోళ్లన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి అని డార్విన్ 1868లో వాదించాడు. దానికి ఆయన చూపిన ఆధారాల్లో కొన్ని కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్న ఎడ్వర్డ్ బ్లిత్ పంపినవి. 2020లో 863 పక్షుల జన్యుపటాలు చదివిన ఒక పెద్ద పరిశోధన మూలాన్ని ఇంకా దగ్గరగా పట్టుకుంది: మయన్మార్, ఉత్తర థాయిలాండ్, నైరుతి చైనా వైపు తిరిగే ఎర్ర అడవికోడి ఉపజాతి. అంటే మన వాకిట్లోని కోడి ఈ నేల పిట్ట కాదు. ఎర్ర అడవికోడి ఇలాకా దాదాపు గోదావరి దగ్గరే ఆగిపోతుంది. కృష్ణకు ఇటూ అటూ నల్లమలలో తిరిగేది బూడిదరంగు అడవికోడి, అది వేరే జాతి. అయితే 2008లో మరో సంగతి బయటపడింది. పెంపుడు కోళ్లలో కాళ్లకూ చర్మానికీ పసుపు రంగునిచ్చే జన్యువు ఎర్ర అడవికోడి నుంచి రాలేదు. అది బూడిదరంగు అడవికోడి నుంచి, ఎప్పుడో జరిగిన సంకరం వల్ల వచ్చి చేరింది. దక్షిణాది అడవి పిట్ట ఇచ్చిన ఆ ఒక్క గుణం ఇవాళ ప్రపంచమంతటా షెడ్లలో కోట్ల కోళ్ల కాళ్ల మీద ఉంది.

ఈ పసుపు కాలిని ఇంకాస్త దగ్గరగా చూడాలి. ఆ జన్యువు పసుపు రంగును తయారు చేయదు. తిండిలో వచ్చే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలను చర్మంలో విరిచేసే ఎంజైమును అది చర్మం వరకు పనిచేయనివ్వదు, అంతే. రంగు ఆకుకూరలోంచో, పచ్చజొన్నలోంచో, మక్కలోంచో, పురుగులోంచో రావాలి. పాలిపోయిన తిండి పెడితే పసుపు జన్యువున్న కోడి కాళ్లు కూడా తెల్లబోతాయి. రంగున్న తిండి ఎంత పెట్టినా ఆ జన్యువు లేని కోడి కాళ్లు పసుపెక్కవు. మరి పసుపులో నెత్తురు వాటా ఎంత, తిండి వాటా ఎంత? ఈ లెక్కకు జవాబు లేదు, ఉండే వీలూ లేదు. కోళ్ల గురించి తెలిసిన కళ్లు ఇంకోటి కూడా పట్టుకుంటాయి. పెట్ట గుడ్లు పెడుతున్న కొద్దీ దాని కాళ్ల పసుపు తగ్గుతూ వస్తుంది, ఎందుకంటే ఆ రంగంతా సొనకు పోతుంది. 1990ల్లో జూరాల డ్యాం కట్టాక ఆత్మకూరు వైపు కాలువ కింది పల్లెల్లో చెలకలు వరిమళ్లయ్యాయి, వాకిట్లో జొన్నల చోటు నూకలు, తవుడు ఆక్రమించాయి. బియ్యపు నూకలో పసుపనేదే ఉండదు. పెరట్లో పచ్చిగడ్డి దొరకని ఇంట్లో అదే కోడి, అదే వంశం, పెట్టే గుడ్డులో సొన మాత్రం వెలవెలబోతుంది. అది చూసి నాటుకోడి జాతి చెడిపోయిందంటే ఆ కోడికి అన్యాయం చేసినట్టే.

రంగు సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పొదుగుడు అంతకంటే లోతైనది, ఈ చరిత్రకు గుండెకాయ లాంటిదీ అదే. పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టాక ఒకరోజు గంపలోంచి దిగదు. ఈకలు ఉబ్బించుకుని, చెయ్యి పెడితే కొరుకుతూ, గొంతులో గురగుర శబ్దం చేస్తూ కూర్చుంటుంది. పొట్ట కింద ఈకలు రాలి వేడి చర్మం బయటపడుతుంది. తిండికి రోజుకొక్కసారే లేస్తుంది, ఇరవైఒక్క రోజులు అలాగే. పిల్లలు వద్దు, గుడ్లే కావాలనుకున్న ఇల్లాలు దాన్ని పట్టి చన్నీళ్లలో ముంచుతుంది, కొన్నిచోట్ల ముక్కులో ఈక గుచ్చి వదిలేస్తుంది. లోపల జరిగేది ప్రొలాక్టిన్ అనే హార్మోను పని. ఆ హార్మోను ఎంత తేలిగ్గా పైకెగస్తుందనేది వంశంలో ఉంది. ఎప్పుడు ఎగస్తుందనేది చీకటి మూల, వేడి, పొట్టకు తగిలే గుడ్ల స్పర్శ చెబుతాయి. రోజూ ఒక్క గుడ్డు మాత్రం వదిలి మిగతావి తీసేస్తే పెట్ట పొదుగుకు రావడం వెనకబడుతుందని పల్లె ఆడవాళ్లకు ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. లెఘార్న్ జాతి కోళ్లలో పొదుగుకొచ్చిన పెట్టలను తరతరాలుగా తీసేస్తూ పోయి, ఆ గుణాన్నే దాదాపు తుడిచేశారు. అవి ఏడాదికి మూడువందల గుడ్లకు చేరడం వెనక ఈ తుడిచివేత పెద్ద కారణం.

మన వాకిట్లో ఏరివేత దీనికి సరిగ్గా ఎదురుగా నడిచింది. ఇంక్యుబేటరు లేని ఊళ్లో పొదగని పెట్ట గుడ్లు కూరలోకి పోతాయి, పొదిగే పెట్ట గుడ్లు పిల్లలవుతాయి. అంతకంటే ఎక్కువ చెప్పనక్కరలేదు. తర్వాతి తరంలో ఉండేది పొదిగినదాని కూతుళ్లే. పిల్లలు గుడ్డులోంచి బయటపడ్డాక రెండో జల్లెడ మొదలవుతుంది. గద్ద నీడ పడగానే తల్లి అరుపుకు పిల్లలన్నీ కంచె కిందికి దూరాలి. దూరనివి ఆ రోజుతో సరి. బరువెక్కువైన పుంజు ఎగరలేక నక్కకు చిక్కుతుంది. ఎండాకాలం కల్లాలు ఖాళీ అయ్యాక ఎక్కువ తిండి అడిగే ఒళ్లు తట్టుకోలేదు. ఇలా చూస్తే యాభై అరవై గుడ్లు లోపం కాదు, ఆ ఇంటి ఆదాయానికి సరిపడ్డ ఖర్చు. మూడు నాలుగు కాన్పులు, నడుమ పొదుగు, ఆపైన రెండు నెలలు పిల్లల వెంట తిరగడం, ఏడాది అక్కడికే అయిపోతుంది.

మనుషుల ఏరివేత మాత్రం తరచూ వెనక్కి నడిచిందనే చెప్పాలి. అల్లుడొస్తే కోసేది బక్క పుంజును కాదు. ఎల్లమ్మకో, పోచమ్మకో, మైసమ్మకో మొక్కుకున్నప్పుడు ఎగిరిపడే ఎర్ర పుంజునే తెస్తారు. సంతకు పోయేదీ బరువున్నదే, ఎందుకంటే ధర దానికే. ఒంటి బరువు బాగా వంశపారంపర్యంగా వచ్చే గుణాల్లో ఒకటి. పెద్ద పుంజులన్నీ పెట్టలను కలిసే వయసుకు ముందే గిన్నెలో పడితే, చిన్న ఒళ్లవాటి పిల్లలే ఊరినిండా మిగులుతాయి. నాటుకోడి చిన్నగా ఉండటంలో ఎండకూ గద్దకూ ఎంత పాత్ర ఉందో, మన మర్యాదలకూ మొక్కులకూ అంత ఉండొచ్చు. మన ఆచారాలు కూడా ఆ కోడికి వాకిలిలో భాగమే మరి.

ఇక్కడ షెడ్డువాళ్ల అభ్యంతరం గట్టిది, దాన్ని దాటవేయకూడదు. ఇదంతా ఆకలికి పెట్టిన అందమైన పేరు, సరైన దాణా పెడితే మీ నాటుకోడి కూడా రెండింతలు పెరుగుతుందని వాళ్లంటారు. దీన్ని పరీక్షించిన చక్కని ప్రయోగం ఒకటి అమెరికాలో జరిగింది, 2003లో ప్రచురించారు. 1957 నాటి బ్రాయిలర్ వంశాన్ని ఏ ఏరివేతా లేకుండా అలాగే నిలిపి ఉంచారు. 2001 నాటి బ్రాయిలర్‌ను దాని పక్కన పెట్టి, రెండింటికీ 1957 నాటి దాణా ఒకసారి, 2001 నాటి దాణా ఒకసారి పెట్టి పెంచారు. 42 రోజులకు పాత కోడి పాత దాణాతో 539 గ్రాములు, కొత్త దాణాతో 578 గ్రాములు తూగింది. కొత్త కోడి పాత దాణాతోనే 2126 గ్రాములు, కొత్త దాణాతో 2672 గ్రాములు తూగింది. ఎదుగుదలలో వచ్చిన మార్పులో 85 నుంచి 90 శాతం వంశానిదేనని పరిశోధకులు తేల్చారు. కేవలం దాణా మార్చి పాత కోడిని కొత్తది చేయలేమని ఇంతకంటే స్పష్టంగా చెప్పడం కష్టం. ఇంకో విశేషం, ఈ కొత్త కోడి తండ్రివైపు కార్నిష్ జాతి ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో ఇండియా నుంచి పోయిన అసీల్ పందెం కోళ్ల నెత్తురు కలిపి తయారుచేసిన జాతి అది. షాద్‌నగర్ చుట్టూ ఉన్న షెడ్లలో పెరిగే తెల్ల బ్రాయిలర్ రొమ్ములో మన పందెం పుంజు కండ కొంత ఉందన్నమాట.

అయితే పందెంవాళ్లు ఈ లెక్క చూసి చంకలు గుద్దుకోవడానికి లేదు. పాత కోడికి దాణా మార్పు కలిపింది 39 గ్రాములు. కొత్త కోడికి అదే మార్పు కలిపింది 546 గ్రాములు. ఒకే తిండి ఒక నెత్తురులో గుప్పెడు, ఇంకో నెత్తురులో దోసెడు. తిండి విలువ ఎంతని అడిగితే, ఏ కోడికని తిరిగి అడగాల్సి వస్తుంది. పైగా అక్కడ కొలిచింది షెడ్డులో, గద్ద లేని చోట, రోగానికి టీకా వేసి, వేడికి బల్బు పెట్టి. అదే రెండు కోళ్లను ఆత్మకూరు పెంటకుప్ప మీద వదిలి నలభైరెండు రోజుల తర్వాత తూచమంటే, కొత్తది తూచడానికి మిగిలి ఉంటుందా అన్నది నా సందేహం.

ఈ మెలికను అందరికంటే ముందు సూటిగా రాసినవాళ్లలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. 1957లో ఇంగ్లండు వదిలి ఇండియాకు వచ్చి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన శాస్త్రవేత్త ఆయన. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే. పుట్టుకా పెంపకమూ కలిసి ఎలా పనిచేస్తాయో 1946లో రాసిన వ్యాసంలో హాల్డేన్ పశువులను ఉదాహరణగా తీసుకున్నాడు. మంచి మేత ఉన్నచోట జెర్సీ ఆవు గెలుస్తుంది, స్కాట్లండు కొండల బీడులో అక్కడి హైలాండ్ పశువు గెలుస్తుంది. కాబట్టి చోటు చెప్పకుండా ఏది మేలుజాతో చెప్పడం కుదరదు. కోళ్లలో దీనికి ఎండే సాక్ష్యం. మెడ మీద ఈకలు లేని కోళ్లు మన దేశపు నాటు మందల్లో అక్కడక్కడ కనిపిస్తాయి, దాన్ని నడిపేది ఒక్కటే జన్యువు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే ఒంటి ఈకలు దాదాపు 20 శాతం, ఇద్దరి నుంచీ వస్తే 40 శాతం తగ్గుతాయి. చల్లటి చోట ఆ కోడికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు, చలికి ఎక్కువ తినాల్సి రావచ్చు కూడా. పాలమూరు వైశాఖంలో మాత్రం ఆ బోడి మెడ ఒంటి వేడిని బయటికి పంపే దారి.

పందెంవాళ్ల వాదాన్ని ఇప్పుడు విడిగా చూడాలి, ఎందుకంటే తెలుగునాట కోడి వంశం గురించి ఎక్కువ ఆలోచించింది వాళ్లే. నల్లగొండ దక్షిణపు అంచున కృష్ణ దాటితే పల్నాడు. నాగమ్మ కోడి చేతిలో బ్రహ్మనాయుడి కోడి ఓడిపోవడం ఒక యుద్ధానికే దారితీసిందని చెప్పుకునే నేల అది. పందెంరాయుళ్లు కుక్కుట శాస్త్రం పేరుతో ఒక విజ్ఞానం పోగేశారు. ఎర్రటిది డేగ, నల్లటిది కాకి, తెల్లటిది సేతు. మెడ మీద నల్ల ఈకలుంటే సవల, నలుపూ తెలుపూ కలిస్తే పర్ల. ఇంకా నెమలి, కౌజు, మైల, పూల, పింగళి అని ఎన్నో పేర్లు. ఏ వారం, ఏ నక్షత్రాన, ఏ దిక్కు నుంచి దింపితే ఏ రంగు దేన్ని గెలుస్తుందో అందులో పట్టికలుంటాయి. దీన్ని మూఢనమ్మకమని ఒక్కమాటలో తోసేయడం నాకు ఇష్టం లేదు. రంగులను అంత సన్నగా విడదీసిన కన్ను గొప్పది. ఈక రంగు చాలావరకు కొద్ది జన్యువుల చేతిలో ఉంటుంది, తిండికీ ఎండకూ పెద్దగా లొంగదు. కాబట్టి తల్లి తండ్రి రంగుల నుంచి పిల్లల రంగులను ఊహించడం వాళ్లకు అబ్బింది. మెండెల్ వారసత్వ సూత్రాలు జంతువుల్లోనూ పనిచేస్తాయని విలియం బేట్సన్ 1902లో చూపించింది కూడా కోళ్ల మీదే. గులాబీ జుట్టు కోడినీ బఠాణీ జుట్టు కోడినీ కలిపితే రెండూ కాని అక్రోటు జుట్టు పిల్లలు పుట్టడం ఆయన, తోటి పరిశోధకుడు పన్నెట్ కలిసి విప్పిన చిక్కుముడి. అసీల్ నెత్తిన పొట్టిగా అణిగి ఉండేది ఆ బఠాణీ జుట్టే.

తప్పు జరిగింది ఆ తర్వాతి మెట్టులో. కంటికి కనిపించే, ఒకటి రెండు జన్యువులు నడిపే రంగును చూసి, కంటికి కనిపించని, వందల జన్యువులూ ఏడాది సాకుడూ కలిసి నడిపే గెలుపును చెప్పబోయారు. పుంజును విడిగా కట్టి, ఈదించి, ఒళ్లు కాచి, బాదంపప్పులు తినిపించి తయారుచేసే మనిషి చెయ్యి ఎంత, దాని ఎముక ఎంత అన్నది ఈక రంగు చెప్పదు. కత్తి కట్టి దింపితే సంగతి ఇంకా పలచబడుతుంది. పదునైన కత్తితో ఒక్క దెబ్బ ఎక్కడ తగిలిందన్నదే తీర్పు, అందులో అదృష్టం పాలు చాలా పెద్దది. అదృష్టం ఎక్కువైన పోటీలో గెలిచినదాన్ని విత్తనానికి ఉంచితే వంశం మెరుగుపడదు, ఎందుకంటే అదృష్టం గుడ్డులోకి దిగదు. అసీల్‌కు ఆ మందపాటి మెడ, బరువైన ఎముక, వెనక్కి తగ్గని తత్వం వచ్చింది కత్తి లేకుండా గంటల తరబడి సాగే పోట్లాటల్లో ఏరడం వల్లేనని నేననుకుంటాను. అక్కడ ఒంటి బలమే తేలుతుంది. కత్తి పందెం దాన్ని వాడుకుంది తప్ప తయారుచేయలేదు.

దీనికి ఒక ఎదురు మాట ఉంది. రంగుకూ గుణానికీ సంబంధమే లేదని అంత ధీమాగా అనగలమా? అనలేం. 2004లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఈకలకు రంగు రాకుండా ఆపే జన్యువున్న కోళ్ల కంటే రంగున్న కోళ్లు తోటి కోళ్ల ముక్కుపోట్లకు ఎక్కువ గురయ్యాయి. అంటే రంగు జన్యువు తోటి కోళ్ల నడవడిని మార్చగలదు. కానీ ఇది తెల్లకోడికి ఆదివారం జయమని చెప్పే పట్టికకు ఊతం ఇవ్వదు. తేలింది మంద లోపలి సంగతి, ఎంత ఇరుకులో ఎన్ని కోళ్లున్నాయన్న దాన్నిబట్టి మారే సంగతి. ఇక్కడా నెత్తురు ఒంటరిగా మాట్లాడలేదు.

ఈ పాఠమంతా ప్రభుత్వ ఖర్చుతో మళ్లీ ఒకసారి నేర్చుకున్నది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో. కోళ్ల పరిశోధనకు భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో అక్కడ ఒక కేంద్రం పెట్టింది. 2013లో అది డైరెక్టరేట్ అయింది. బోడిమెడ కోళ్ల వంశాన్ని కూడా అక్కడ నిలిపి ఉంచారు. షెడ్డుకోసం తయారైన తెల్ల కోడిని పల్లెకిస్తే నిలవదని అప్పటికే తెలుసు కాబట్టి, వనరాజా, గ్రామప్రియ అనే రకాలను వాకిలిని దృష్టిలో పెట్టుకునే మలిచారు. రంగురంగుల ఈకలు గద్ద కన్ను కప్పడానికి, పొడుగు కాళ్లు పరుగెత్తడానికి. వనరాజా పెరట్లో ఏడాదికి నూటపది గుడ్ల దాకా, గ్రామప్రియ నూటఅరవై, నూటఎనభై దాకా పెడుతుంది. పల్లె ఇంటికి ఇది చిన్న లాభం కాదు, దాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ గుడ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? పొదుగు మానేయడం నుంచి. ఈ పెట్టలు పొదగవు. మొదటి ఆరు వారాలు పిల్లలను బల్బు వేడిలో, టీకాలు వేసి, ప్రత్యేకంగా సాకి ఆపైన వాకిట్లోకి వదలమని కేంద్రమే చెబుతుంది. తల్లి రెక్క చేసే పని బల్బుకూ మనిషికీ బదిలీ అయింది. పైగా ఇవి వేరువేరు వంశాలను కలిపి తెచ్చిన సంకరాలు, వాటి గుడ్లను ఊరి పెట్ట కింద పెట్టి పొదిగిస్తే పుట్టేవి తల్లిలాగే ఉంటాయన్న భరోసా లేదు. కాబట్టి పిల్లల కోసం మళ్లీ మళ్లీ హ్యాచరీకి పోవాలి. వాటాకిచ్చే ఆనవాయితీ ఇక్కడ తెగిపోతుంది, ఎందుకంటే పొదగని పెట్టలో పంచుకోవడానికి పిల్లలే ఉండవు. కొత్త నెత్తురు తనకు కావలసిన కొత్త వాకిలిని వెంట పట్టుకొచ్చింది.

నాటుకోడిని నెత్తిన పెట్టుకునేవాళ్లు అనే ఇంకో మాట ఉంది, దానికి రోగాలు రావని. ఇది నిజం కాదు. 1927లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించడం వల్ల ఆ ఊరి పేరే పడిపోయిన జబ్బును మన పల్లెల్లో కొక్కెర అంటారు. అది ఊళ్లో దిగితే నాటు మందలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. ముక్తేశ్వర్ పరిశోధనశాల టీకా వచ్చాకే దానికి అడ్డు పడింది. అలాగని కొక్కెర నుంచి బతికి బయటపడ్డ పెట్ట పిల్లలు గట్టివని పెద్దవాళ్లు అనడం వట్టి మాటేం కాదు. ఆ పెట్ట ఒంట్లో తయారైన రోగనిరోధక పదార్థం గుడ్డు సొనలోకి దిగి, పిల్లను మొదటి రెండు మూడు వారాలు కాస్తుంది. ఇది తల్లి నుంచి పిల్లకు వచ్చిందే, కానీ జన్యువులో రాలేదు, మూడోవారం దాటాక ఉండదు. కంటికి మాత్రం అచ్చం నెత్తురు గుణంలాగే కనిపిస్తుంది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఇంకా వింతైనది చూశారు. వెలుతురు చీకట్లు వేళాపాళా లేకుండా మార్చి లెఘార్న్ కోళ్లను ఒత్తిడికి గురిచేస్తే, వాటి నేర్చుకునే శక్తి తగ్గింది. ఆ ఒత్తిడి ఏమాత్రం చూడని వాటి పిల్లల్లోనూ అది తగ్గింది. ఎర్ర అడవికోడిలో మాత్రం పిల్లలకు అది దిగలేదు. తల్లిదండ్రుల వాకిలి పిల్లల దాకా వస్తుందా రాదా అన్నది కూడా వంశాన్ని బట్టే ఉంటుందన్నమాట. నెత్తురునూ పెంపకాన్నీ గీత గీసి విడదీయాలనుకునేవాళ్లకు ఈ ఒక్క ప్రయోగం చాలు.

2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు ముప్పైఒక్క కోట్ల డెబ్బై లక్షలు. అంతకు ముందరి లెక్క కంటే దాదాపు 46 శాతం ఎక్కువ. షెడ్డు కోళ్లు పెరిగింది అయిదు శాతం లోపే. నాటుకోడి పోతోందని ఏడ్చేవాళ్లు ఈ అంకె చూడాలి, అయితే ఆ పెరుగుదలలో ఏ వంశం ఎంత ఉందో కూడా అడగాలి. వనరాజా పిల్లలూ, వాటి సంకరాలూ ఆ లెక్కలోనే ఉన్నాయి. హైవే పక్క దాబాల మీద నాటుకోడి అన్న బోర్డు కింద వడ్డించేదాంట్లో కొంత షెడ్డులో మూసి, దాణా పెట్టి, మూడు నెలల్లో అమ్మేసిన రంగు కోడి. దాని నెత్తురు కొంత నాటుదే కావచ్చు. కానీ మనం నాటుకోడి రుచి అని పిలిచే ఆ గట్టిదనం, నమలగా నమలగా దిగే ఆ రసం, ఎక్కువగా కోడి వయసు నుంచీ, అది పరుగెత్తిన దూరం నుంచీ వస్తాయి. ఏడాది పైగా చెలకల్లో తిరిగిన కాలి కండలో కొలాజెన్ ముదిరి ఉంటుంది, అందుకే మన ఆడవాళ్లు దాన్ని అంతసేపు ఉడికిస్తారు. బ్రాయిలర్ కంటే రెండింతలు, మూడింతలు పెట్టి కొనేవాడు జాతికి డబ్బిస్తున్నానని అనుకుంటాడు. ఆ డబ్బులో ఎక్కువ పాలు ఆ కోడి తిరిగిన నేలకూ, దాన్ని అన్ని నెలలు గద్దకు చిక్కకుండా రోజూ సాయంత్రం గూట్లో మూసిన ఇల్లాలికీ చెల్లాలి. షెడ్డులో మూసి పెంచినదానికి ఆ ధర ఎందుకివ్వాలో అమ్మేవాడే చెప్పాలి.